కాన్హా అడవికి మిత్రులతో: ఒకే జిప్సీలో ఆరుగురు వెళ్ళి జంతువులను చూసి వచ్చే పద్ధతి

కాన్హా గేటు ముందు తెల్లవారకముందే జిప్సీలు బారులు తీరి ఉంటాయి. అన్నీ ఒకే రకం బళ్ళు, అందరికీ అవే దారులు. ఐదు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి మాత్రం ఒక బండివాళ్ళు రేచుకుక్కల మంద గురించీ, కొమ్ములకు గడ్డి చుట్టుకున్న బారాసింగా జింక గురించీ ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంటారు. పక్క బండివాళ్ళు "ఏమీ కనపడలేదండీ, నాలుగు జింకలు తప్ప" అంటారు. అదృష్టం పాత్ర కొంత ఉంది, కాదనను. మిగతాదంతా ఆ ఆరుగురూ ఏం మాట్లాడుకుని బండెక్కారన్న దాని మీదే ఉంటుంది.

మిత్రులతో అడవికి వెళ్ళడమంటే నాకు ప్రాణం. ఆరు జతల కళ్ళు, పన్నెండు చెవులు. వాటిని పనిలో పెట్టకపోతే అవే ఆరు నోళ్ళు అవుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో టికెట్లూ రైళ్ళూ ఎంత ఉన్నాయో, బండిలో ఎలా కూర్చోవాలి, ఎలా వినాలి అన్నది కూడా అంతే ఉంది.

1. ముందు మనుషులను కుదుర్చుకోండి

మధ్యప్రదేశ్‌లోని మండ్లా, బాలాఘాట్ జిల్లాల మధ్య, మైకల్ కొండల్లో ఉన్న ఈ అడవిలోకి కాలినడకన తిరగనివ్వరు. గైడు, డ్రైవరు కాక ఆరుగురు పట్టే పైకప్పు లేని జిప్సీలో వెళ్ళాలి. కాబట్టి మీ బృందం ఆరుగురైతే లెక్క సరిపోతుంది. నలుగురైతే ఇంకా హాయి, ప్రతివాళ్ళకీ అంచు సీటు దొరుకుతుంది. ఏడుగురైతే రెండు బళ్ళు కావాలి. రెండు బళ్ళు వేరువేరు దారుల్లో పోతాయి, సాయంత్రం ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదన్న బాధ మొదలవుతుంది. ఏడో మనిషిని వదల్లేకపోతే ఎనిమిదో మనిషిని కూడా పిలిచి, నలుగురు నలుగురుగా వెళ్ళండి. పూటపూటకీ మనుషులను మార్చుకోండి.

వాట్సాప్ గ్రూపు పెట్టగానే మొదట తేల్చుకోవలసింది తేదీ కాదు. "ఏం చూడాలని వస్తున్నావు?" అని ఒక్కొక్కరినీ అడగండి. పులి ఒక్కటే కావాలనే వాడొకడు, పిట్టల పిచ్చి ఉన్నవాడొకడు, కెమెరాతో వచ్చేవాడొకడు, ఊరికే నలుగురితో కలిసి ఉందామని వచ్చేవాడొకడు ఉంటారు. ఈ నలుగురినీ ఒకే బండిలో, ముందుమాట లేకుండా కూర్చోబెడితే రెండో సఫారీకల్లా మొహాలు మాడిపోతాయి. మేమొక ఒప్పందం పెట్టుకున్నాం: ఒక్కో సఫారీకి ఒక్కొక్కరు పెద్ద. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నది ఆ పూటకి వాళ్ళ మాటే. పిట్టలవాడి పూట పిట్టల కోసం ఆగుతాం, మిగతావాళ్ళం నసగం. ఈ ఒక్క ఏర్పాటుతో మా స్నేహాలు చెడకుండా ఉన్నాయి.

డబ్బు లెక్క ఒకరి చేతిలో పెట్టండి. పర్మిట్, జిప్సీ అద్దె, గైడు రుసుము వేరువేరు పద్దులు. ముందే అందరి దగ్గరా వసూలు చేసి ఉంచుకుంటే గేటు దగ్గర చీకట్లో చిల్లర వెతుక్కునే పని ఉండదు.

2. ఏ నెలలో వెళ్ళాలి

కోర్ ప్రాంతం, అంటే అడవి నడిమి భాగం, అక్టోబరు నుంచి జూన్ నెలాఖరు దాకా తెరిచి ఉంటుంది. వానాకాలం మూడు నెలలు మూసేస్తారు. తెరిచి ఉన్న రోజుల్లో కూడా బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. చాలామంది ఇది చూసుకోకుండా రైలు టికెట్లు చేసుకుని ఒక పూట పోగొట్టుకుంటారు.

అక్టోబరు, నవంబరుల్లో అడవి పచ్చగా, దట్టంగా ఉంటుంది. జంతువులు దొరకడం కష్టం, చూడ్డానికి మాత్రం కన్నులపండుగ. చెట్ల మధ్య బండి చక్రమంత గూళ్ళల్లి మధ్యలో అరచేయంత సాలీళ్ళు వేలాడుతుంటాయి. డిసెంబరు, జనవరి బారాసింగాల జోడుకాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, వాగులు ఎండిపోతాయి, మిగిలిన నీటిగుంటల దగ్గరికే అన్నీ రావాలి. పులి నీళ్ళలో వెనక్కి జారి నడుం దాకా మునిగి కూర్చునేది అప్పుడే. పులి కనపడే అవకాశం ఎక్కువ కావాలంటే వేసవి. మొత్తం అడవి కావాలంటే చలికాలం. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వెళ్ళమంటాను. చలి విరుగుతుంది, ఎండ ముదరదు, గుగ్గిలం చెట్లు కొత్త ఆకు తొడుగుతుంటాయి. ఆపై కొద్ది రోజులకు ఇప్పపూలు రాలడం మొదలవుతుంది, వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి.

3. పర్మిట్లు, జోన్లు

కోర్‌లో నాలుగు పర్యాటక జోన్లు ఉన్నాయి: కాన్హా, కిస్లీ, ముక్కీ, సర్హీ. కాన్హా, కిస్లీ జోన్లకు ఖటియా గేటు దగ్గర. ముక్కీ జోనుకు ముక్కీ గేటు, సర్హీకి సర్హీ గేటు. ఖటియా ఒక కొసన, ముక్కీ ఇంకో కొసన ఉంటాయి. బస ఒకచోట, పర్మిట్ ఇంకోచోట తీసుకుంటే తెల్లవారుజామున మూడింటికి లేచి చలిలో గంటల తరబడి ప్రయాణం చేయాలి. ముందు పర్మిట్, తర్వాత బస. ఈ వరుస తప్పకండి.

పర్మిట్లు మధ్యప్రదేశ్ ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇస్తారు. సంఖ్య పరిమితం. పండగ సెలవులకూ, డిసెంబరు చివరి వారానికీ, వేసవి వారాంతాలకూ నెలల ముందే అయిపోతాయి. సోమవారం నుంచి గురువారం మధ్య ప్రయత్నిస్తే దొరకడం సులువు, లోపల బళ్ళ రద్దీ కూడా తక్కువ. బుక్ చేసేటప్పుడు ప్రతి మనిషి పేరు, గుర్తింపు కార్డు నంబరు అడుగుతారు. గేటు దగ్గర అదే కార్డు, అసలుది, చూపించాలి. ఆధార్ నంబరు ఇచ్చి, డ్రైవింగ్ లైసెన్సు పట్టుకొస్తే చిక్కు. ఆఖరి నిమిషంలో ఒకడు మానేసి వాడి బదులు ఇంకొకడు వస్తానన్నా కుదరదు. అందుకే "వస్తాను లే, చూద్దాం" అనే మిత్రుడి పేరు మీద పర్మిట్ తీయకండి.

ఎన్ని సఫారీలు? నాలుగుకు తగ్గించొద్దు. రెండున్నర రోజుల్లో నాలుగు హాయిగా పడతాయి. మొదటి పూట కళ్ళు అడవికి అలవాటు పడడానికే సరిపోతుంది. పచ్చటి ఆకుల వెనక కదిలే చెవిని గుర్తుపట్టడం రెండో పూట నుంచి వస్తుంది. నాలుగింటిలో రెండు కాన్హా జోనులో, రెండు కిస్లీలో పెట్టుకుంటే ఒకే బసలో ఉండొచ్చు. ముక్కీ వైపు వెళ్తే మూడు ముక్కీలో, ఒకటి బఫర్‌లో, అంటే కోర్ చుట్టూ ఉన్న అడవిలో, పెట్టుకోండి. కోర్ పర్మిట్ దొరకని పూటకు బఫర్ జోన్లు ఉన్నాయి. వాటిని చిన్నచూపు చూడకండి, ఎలుగుబంట్లు, చిరుతలు అటువైపూ తిరుగుతాయి.

4. చేరడం, బస

తెలుగు ప్రాంతాల నుంచి రైల్లో నాగపూర్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి బండి మాట్లాడుకోవడం చాలామంది చేసే పని. ఖటియాకు సుమారు 260 కిలోమీటర్లు, ఐదారు గంటల దారి. ముక్కీకి వెళ్ళేవాళ్ళకు గోందియా స్టేషన్ దగ్గర. అక్కడి నుంచి బాలాఘాట్, బైహర్ మీదుగా దారి. విమానంలో వచ్చేవాళ్ళకు జబల్‌పూర్ ఉంది. ఏ దారిన వచ్చినా, చేరిన రోజు మధ్యాహ్నానికి సఫారీ పెట్టుకోకండి. రైలు రెండు గంటలు ఆలస్యమైతే ఆరుగురి పర్మిట్లూ వృథా.

బసలో కొలను ఉందా, పెద్ద టీవీ ఉందా అని చూడొద్దు. గేటుకు ఎంత దూరం, తెల్లవారుజామున టీ ఇస్తారా, ఫలహారం డబ్బాలో కట్టిస్తారా, చలికాలంలో బండిలోకి దుప్పట్లు ఇస్తారా. ఈ నాలుగూ అడగండి చాలు.

5. ఒంటి మీద ఏం ఉండాలి, చేతిలో ఏం ఉండాలి

డిసెంబరులో కాన్హా మైదానాల్లో తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. పైకప్పు లేని బండిలో గాలి ముక్కుకు కోస్తుంది. స్వెట్టరు, దాని మీద గాలి ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ, చేతికి ఉన్ని తొడుగులు వేసుకోండి. పది గంటలకల్లా అన్నీ ఒక్కొక్కటిగా విప్పేస్తారు, కాబట్టి ఒకే మందపాటి కోటు కంటే పొరలు మేలు. వేసవిలో నూలు బట్టలు, పొడవు చేతులు, దుమ్ముకు మూతికి కట్టుకునే తువ్వాలు. రంగులు మట్టివి, ఆకువి, బూడిదవి. తెలుపు, ఎరుపు వద్దు. సెంటు అసలే వద్దు.

ఆరుగురికీ కలిపి కనీసం రెండు బైనాక్యులర్లు ఉండాలి. 8×42 అని రాసి ఉన్నవి కొనండి, లేదా ఎరువు తెచ్చుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయి, 42 మిల్లీమీటర్ల వెడల్పున్న అద్దం మసక వెలుతురులో కూడా సరిపడా కాంతి తెస్తుంది. పది, పన్నెండు రెట్లవి బండి ఊపులో చేతిలో నిలవవు. వచ్చేముందు ఇంటి మేడ మీద నిలబడి, కరెంటు తీగ మీది పిట్టను కంటితో చూస్తూ, చూపు తిప్పకుండా బైనాక్యులర్ కళ్ళకు ఎత్తడం సాధన చేయండి. ఈ చిన్న అలవాటు లేక అడవిలో చాలామంది "ఏదీ, ఎక్కడ?" అంటూ ఆకాశాన్ని వెతుకుతుంటారు.

ఫోను అడవిలో బయటికి రానివ్వకండి. ఇప్పుడు టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో ఫోను వాడకం మీద నిషేధం ఉంది. గేటు దగ్గర ఎలా చెబితే అలా చేయండి. చిన్న నోటుబుక్కు, పెన్సిలు మాత్రం ఒకరి జేబులో ఉండాలి.

6. గేటు దాటేముందు ఐదు నిమిషాలు

గైడును వరుస ప్రకారం గేటు దగ్గరే కేటాయిస్తారు. చాలామంది గైడ్లు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, ఈ అడవి అంచునే పుట్టి పెరిగినవాళ్ళు. ఎక్కగానే పేరు అడగండి, మీ పేర్లు చెప్పండి. ఆపైన ఒక మాట స్పష్టంగా చెప్పాలి: "పులి కనపడితే సంతోషం, దాని కోసం పరుగెత్తొద్దు. మెల్లగా వెళ్దాం, ఎక్కడైనా అరుపు వినపడితే ఆగుదాం." ఈ మాట చెప్పకపోతే వాళ్ళు మిమ్మల్ని కూడా పులి కోసమే వచ్చినవాళ్ళుగా అనుకుంటారు. అలా అనుకోవడం వాళ్ళ తప్పు కాదు, ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళు అదే అడిగారు. నేనూ మొదటిసారి అడిగాను. ఆ పూటంతా దుమ్ము మింగుతూ ఒక కూడలి నుంచి ఇంకో కూడలికి పరుగెత్తాం. ఏం చూశామని ఇంటికొచ్చాక అడిగితే చెప్పడానికి దారి తప్ప ఏమీ లేదు.

గైడ్లు హిందీలో మాట్లాడతారు కాబట్టి కొన్ని పేర్లు తెలిసి ఉండాలి. చుక్కల దుప్పిని చీతల్ అంటారు, కణితిని సాంభర్, అడవిదున్నను గౌర్ లేదా బైసన్, ఎలుగుబంటిని భాలూ, చిరుతను తేందువా, రేచుకుక్కను సోన్‌కుత్తా, కొండగొర్రెను (మొరిగే జింకను) కాకడ్, కొండముచ్చును లంగూర్. జంతువులు చేసే హెచ్చరిక అరుపును ముక్తసరిగా "కాల్" అంటారు. "కాల్ హో రహా హై" అన్నారంటే ఆరుగురూ ఊపిరి బిగబట్టాలన్న మాట.

సీట్లు ముందే పంచుకోండి. వెనక వరుస ఎత్తుగా ఉంటుంది, దూరం కనిపిస్తుంది, కుదుపు ఎక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు వరుసలో కూర్చోవాలి. విరామం దగ్గర వరుసలు మారండి. ఎడమవైపు వాళ్ళు ఎడమవైపే, కుడివైపు వాళ్ళు కుడివైపే చూడాలి. ఒక పక్క ఏదో కనపడగానే అందరూ అటే తిరిగి మిగతా వైపు వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. ఏదైనా కనపడితే అరవకండి, పక్కవాడి భుజం మీద రెండుసార్లు తట్టండి. దిక్కు చెప్పడానికి గడియారం పద్ధతి పెట్టుకోండి: బండి ముక్కు పన్నెండు, కుడిచేయి మూడు. "రెండింటి వైపు, పుట్ట వెనక" అని గుసగుసగా అంటే ఆరుగురి కళ్ళూ అక్కడే వాలుతాయి. "అదిగో, ఆ చెట్టు పక్కన!" అంటే అడవిలో అన్నీ చెట్లే.

7. ముందు చెవితో వెతకండి

కాన్హాలో గుగ్గిలం చెట్లు ఆకు పూర్తిగా రాల్చవు. వెదురు పొదలు దారి పక్కనే గోడల్లా ఉంటాయి. కంటికి ఇరవై అడుగులు దాటి కనపడని చోట్లు ఎన్నో. చెవికి మాత్రం కిలోమీటరు అవతలిది కూడా అందుతుంది. అందుకే బండిని ప్రతి పావుగంటకోసారి, ఇంజిన్ కట్టేసి, రెండు నిమిషాలు ఆపమనండి. మొదటి అర నిమిషం ఏమీ వినపడదు. తర్వాత అడవి ఒక్కో పొరగా విచ్చుకుంటుంది.

పులి, చిరుత కదులుతున్నప్పుడు వాటిని చూసిన జంతువులు హెచ్చరిక అరుపులు అరుస్తాయి. అన్ని అరుపులకూ ఒకే విలువ ఉండదు. చుక్కల దుప్పి గొంతు సన్నగా, పదునుగా, ఈల కొసలా ఉంటుంది. అది తేలిగ్గా బెదురుతుంది, నక్కను చూసినా అరుస్తుంది. ఒకట్రెండుసార్లు అరిచి ఊరుకుంటే ముందుకు పోవచ్చు. కొండముచ్చు చెట్టు పైనుంచి చూస్తుంది కాబట్టి దాని సాక్ష్యం గట్టిది. గొంతులో గరగరమంటూ దగ్గినట్టు "ఖక్... ఖక్" మంటుంది, అరుస్తూ ఒకే దిక్కు చూస్తుంది. అది చూసే దిక్కు మీరూ చూడండి. కొండగొర్రె కుక్క మొరిగినట్టు ఆగి ఆగి చాలాసేపు మొరుగుతుంది. అన్నిటికంటే నమ్మదగింది కణితి. పెద్ద జంతువు, అంత తేలిగ్గా నోరు విప్పదు. "ఢోంక్" మని ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు ఒక్క అరుపు. ఆ అరుపు మళ్ళీ మళ్ళీ వస్తే అక్కడే ఉండిపోండి.

ఒక జనవరి ఉదయం కిస్లీ వైపు అలా ఒక వాగు ఒడ్డున ఆగాం. ఆడ కణితి ఒకటి మోకాలి లోతు గడ్డిలో నిలబడి ఉంది. తోక నిటారుగా లేచింది, చెవులు రెండూ గిన్నెల్లా వాగు వైపు తిరిగాయి. ముందుకాలు మెల్లగా ఎత్తి, గాలిలో ఒక క్షణం ఆపి, నేల మీద కొట్టింది. ఢోంక్. మేమున్నామన్న పట్టింపే లేదు దానికి. మళ్ళీ కాలెత్తింది. అప్పటికి రెండు బళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళిపోయాయి. మాలో ఒకడు నా చెవిలో "ఒరేయ్, పోదామా?" అన్నాడు, ఆ పూటకి పెద్దగా ఉన్నావిడ తల అడ్డంగా ఊపింది. ఇరవై ఐదు నిమిషాల తర్వాత వాగు అవతలి ఒడ్డున వెదురు ఒకచోట వంగింది, మళ్ళీ నిటారుగా లేచింది. అంతే. పులి బయటికి రాలేదు. కణితి మాత్రం దాన్ని కళ్ళతో అనుసరిస్తూ మెడ తిప్పింది, ఆ మెడ తిరిగిన తీరులో అది ఎక్కడ నడుస్తోందో మాకు అడుగడుగూ తెలిసింది. నేను చూసిన పులుల్లో, చూడని ఆ పులి నాకు బాగా గుర్తుంది.

అరుపులు ఆగిపోతే వెంటనే వెళ్ళిపోకండి. పులి పడుకుని ఉండొచ్చు. అరిచిన జంతువులు మళ్ళీ తల దించి మేత మొదలుపెట్టాయంటే మాత్రం బండి కదపొచ్చు.

8. నేల మీది రాత

కాన్హా దారులు మెత్తటి దుమ్ము దారులు. రాత్రి నడిచినవాటి అడుగులు ఉదయం మొదటి బండికి చదువుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. అడుగు పైన టైరు గుర్తు ఉంటే అది ఆ బండి కంటే ముందుది. టైరు గుర్తు పైన అడుగు ఉంటే, ఆ బండి వెళ్ళాక పులి నడిచింది. ఈ చిన్న లెక్క గైడ్లు కన్నార్పకుండా చేస్తారు, మీరూ నేర్చుకోండి. మగపులి అడుగు చతురస్రంలో ఇమిడేలా ఉంటుంది, ఆడపులిది కాస్త పొడుగ్గా, వేళ్ళు సన్నగా ఉంటాయి. గోళ్ళ గుర్తులు పడవు, పిల్లి జాతి గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. గోళ్ళు పడితే అది రేచుకుక్కదో, నక్కదో, దుమ్ములగొండిదో. అంతా బండిలోంచే చూడాలి, దిగకూడదు.

చెట్ల కాండాల మీద నిలువు గీరలుంటే పులి గోళ్ళు సానపెట్టుకున్న చోటు. నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా పగిలి ఉంటుంది, దాన్ని గీరలనుకుని పొరబడకండి. దారి పక్క చెట్ల మీద పులి హద్దు కోసం చిమ్మే ద్రవానికి ఒక వాసన ఉంటుంది. బాస్మతి అన్నానికి ఆ సువాసన ఇచ్చే పదార్థమే అందులోనూ ఉందని శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. అడవి మధ్యలో హఠాత్తుగా అన్నం ఉడికిన వాసన వస్తే బండి ఆపించి చుట్టూ చూడండి.

పుట్టలు మొదలంటా తవ్వి ఉంటే ఎలుగుబంటి చెదల కోసం వచ్చి వెళ్ళింది. మోదుగ చెట్టు మీద కొండముచ్చులు ఉన్నాయంటే కింద దుప్పులు ఉంటాయి. పైవి కొరికి పారేసిన ఆకులూ పూలూ కిందివి తింటాయి. పైవాటికి చూపు, కిందివాటికి వాసన. రెండూ కలిసి కాపలా కాస్తాయి. అలాంటి చోట పావుగంట ఆగితే ఆ పావుగంటా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

9. బారాసింగా కోసం ఒక పూట పూర్తిగా

నాలుగు సఫారీల్లో ఒకటి దీనికే ఇవ్వండి. ఈ అడవికి రావడానికి నాకున్న మొదటి కారణం ఇదే.

చిత్తడి నేలల్లో తిరిగే బారాసింగాలు ఉత్తరప్రదేశ్‌లోని దుధ్వాలో, అస్సాంలోని కాజీరంగాలో ఉన్నాయి. గట్టి నేల మీద బతికే రకం మధ్య భారతానిది. 1970లో లెక్క చూస్తే ఆ రకం 66 మాత్రమే మిగిలాయి, ఆ 66 కూడా కాన్హాలోనే. ఇంకెక్కడా లేవు. ఇది గడ్డి తప్ప దాదాపు ఏమీ తినదు. పిల్లలను దాచుకోవడానికి కూడా ఎత్తైన గడ్డే కావాలి. గడ్డి తగలబడితే, పశువులు మేసేస్తే దీనికి వేరే దారి లేదు. అప్పుడు మైదానాల్లో మంటలు అదుపు చేశారు, పులులు చొరబడకుండా కంచె కట్టి లోపల కొన్నిటిని పెంచారు, అడవి లోపలి ఊళ్ళను బయటికి తరలించారు. సోంఫ్ ఊరు ఖాళీ అయిన చోట ఇప్పుడు పెద్ద గడ్డిమైదానం ఉంది. మీరు బైనాక్యులర్‌తో చూసే ఆ పచ్చిక ఒకప్పుడు గోండు, బైగా కుటుంబాల పొలం. ఆ మైదానాల అంచున నిలబడినప్పుడు ఈ సంగతి బండిలో ఒకరైనా మిగతావాళ్ళకు చెప్పాలి. ఇప్పుడు ఇక్కడి బారాసింగాల సంఖ్య వెయ్యికి అటూ ఇటూ ఉంది. కొన్నిటిని సాత్‌పురా అడవికీ, తర్వాత బాంధవ్‌గఢ్‌కూ తీసుకెళ్ళి వదిలారు, ఒక్కచోట ఏ రోగమో వచ్చినా జాతి మొత్తం పోకుండా.

గుర్తుపట్టడం ఇలా: దుప్పికి ఏడాది పొడవునా తెల్ల చుక్కలు, కొమ్ముకు మూడు కొనలు. కణితి పెద్దది, ముదురు రంగు, మెడ కింద జూలు, అడవి నీడలో ఉంటుంది. బారాసింగా బంగారు గోధుమ రంగులో, ఉన్ని కప్పుకున్నట్టు, బయట మైదానంలో ఉంటుంది. పన్నెండు కొనలని పేరు, లెక్కపెడితే పది నుంచి పద్నాలుగు దాకా, ఒక్కోదానికి ఇంకా ఎక్కువ.

చలికాలం ఉదయం కాన్హా మైదానం దగ్గరికి మొదటి బండిగా చేరండి. పొగమంచులో ముందు కొమ్ములే కనిపిస్తాయి, గడ్డి మీద తేలుతున్న ఎండుకొమ్మల్లా. తర్వాత వీపు తేలుతుంది. మగది మెడ చాచి, మూతి పైకెత్తి కూస్తుంది. ఆ కూత గాడిద ఓండ్రింపులా మొదలై బాకాలా సాగుతుంది. ఊపిరి నోటి ముందు తెల్లటి మేఘంలా నిలబడుతుంది. ఒకటి తల వంచి గడ్డిని కొమ్ములతో కుమ్మి, తలెత్తితే కొమ్ముల నిండా పచ్చగడ్డి వేలాడుతూ, మంచు నీళ్ళు చెంపల మీదికి కారుతూ ఉంటాయి. ఆడవాటి ముందు ఆ అలంకారంతోనే నడుస్తుంది. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉండండి. నోటుబుక్కు ఉన్నవాళ్ళు ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఎన్ని కూనలు అని రాయండి.

దగ్గర్లోనే శ్రవణ్ తాల్ అనే చెరువు ఉంది. దశరథుడు శ్రవణకుమారుణ్ణి పొరపాటున బాణంతో కొట్టింది ఇక్కడేనని స్థానికులు చెప్పుకుంటారు. నీటిమొక్కల కోసం బారాసింగాలు ఈ నీళ్ళలోకి దిగుతాయి, ఓపికుంటే ఇక్కడ కూడా ఆగండి.

10. పులి ఎదురైతే

ఎవరూ నిలబడొద్దు. ముందు వరుసవాడు లేస్తే వెనకవాళ్ళకు వీపే కనిపిస్తుంది. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దూకడం, సీటు ఎక్కడం, "ఇటు చూడు" అని ఈల వేయడం ఏవీ వద్దు. మొదటి అర నిమిషం కెమెరా కూడా ఎత్తకండి, కళ్ళతో చూడండి. నడిచేటప్పుడు భుజం ఎముకలు ఒకదాని తర్వాత ఒకటి వీపు మీదికి లేవడం, పాదం చప్పుడు లేకుండా పడడం, చెవుల వెనకున్న తెల్ల మచ్చలు. ఇవి ఫోటోలో మిగలవు.

జంతువుకు ఇరవై మీటర్లు తగ్గకుండా ఉండాలన్నది నియమం. పులి దారి వెంట మీకేసి వస్తుంటే డ్రైవరు బండిని వెనక్కి తీసుకుంటూ దారి వదులుతాడు, తొందరపెట్టకండి. చెవులు వెనక్కి అణిచి, పళ్ళు చూపిస్తే, లేదా పిల్లలతో ఉండి ఆగి ఆగి మీవైపే చూస్తుంటే "భయ్యా, వెనక్కి" అని మీరే చెప్పండి. పది బళ్ళు మూగి ఉంటే ఐదు నిమిషాలు చూసి తప్పుకోండి. దారి దాటాలని ఎదురుచూస్తున్న పులిని బళ్ళ గోడ ఆపేస్తుంది, దాని పిల్లలు ఆ అవతలి వైపు ఉండొచ్చు. మా బృందంలో ఈ మాట మీద ఒకసారి గట్టి వాదన జరిగింది. అప్పటి నుంచి తప్పుకోవడం మా నియమం.

అడవిదున్న విషయంలో కూడా ఇంతే జాగ్రత్త కావాలి. టన్ను బరువు దాకా పెరిగే జంతువు, కాళ్ళకు తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు ఉంటుంది. ప్రశాంతంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మందకూ, కూనకూ మధ్యలో మాత్రం బండి ఉండకూడదు. రేచుకుక్కలు కనిపిస్తే మీరు అదృష్టవంతులు, ప్రపంచంలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి అది. ఎర్రటి ఒళ్ళు, నల్ల కుచ్చు తోక, ఒకదాన్నొకటి ఈలలతో పిలుచుకుంటాయి. ఒకటి కనిపిస్తే మిగతావి చుట్టూ ఉంటాయి, వెతకండి.

11. విరామం, సాయంత్రం, తిరుగు ప్రయాణం

ఉదయం సఫారీ మధ్యలో కేటాయించిన విరామ స్థలంలో మాత్రమే దిగనిస్తారు. కాన్హా జోనులో అక్కడే చిన్న మ్యూజియం ఉంది, ఫలహారం తర్వాత పది నిమిషాలు కేటాయించండి, బారాసింగా కొమ్మును దగ్గరగా చూడొచ్చు. అరటిపండు తొక్క కూడా మీ సంచిలోకే వెళ్ళాలి. కోతులకు ఏదీ పెట్టకండి.

సాయంత్రం టీ తాగుతూ నోటుబుక్కు తెరవండి. ఒకరు చదవాలి, మిగతావాళ్ళు తాము చూసింది చేర్చాలి. పాలపిట్ట ఎక్కడ వాలింది, కొండముచ్చు ఎటు చూసి అరిచింది, ఏ గుంట దగ్గర కొత్త అడుగులు ఉన్నాయి. ఆరుగురి జ్ఞాపకాలు కలిపితే మర్నాడు ఎటు వెళ్ళాలో గైడును అడగడానికి మంచి ప్రశ్నలు దొరుకుతాయి. "నిన్న వాగు దగ్గర కాల్ విన్నాం, ఆ వైపు ఎవరైనా చూశారా?" అని అడిగిన బృందంతో గైడు వేరేగా మాట్లాడతాడు, మీరే చూస్తారు.

గైడుకూ డ్రైవరుకూ ఇచ్చే టిప్పు ఎంతో మొదటి సఫారీకి ముందే ఆరుగురూ అనుకుని, పులి కనపడినా కనపడకున్నా అంతే ఇవ్వండి. పులి కనపడితేనే ఎక్కువ ఇస్తే, మర్నాడు ఇంకో బృందాన్ని వాళ్ళు పులి చుట్టూ పరుగెత్తించక తప్పదు. బాగా వినిపించారు, బాగా ఆపారు, ఓపిగ్గా చెప్పారు అనిపిస్తే ఆ మాట చెప్పి మరీ ఇవ్వండి.

చివరి రోజు ఉదయం సఫారీ ముగించి బసకు చేరేసరికి పన్నెండు దగ్గర పడుతుంది. స్నానం, భోజనం, నాగపూర్ దాకా ఐదారు గంటల దారి. కాబట్టి రైలు రాత్రి తొమ్మిది దాటాకే చూసుకోండి. బండి బయలుదేరేముందు నోటుబుక్కును ఒక మిత్రుడికి ఇచ్చి జాబితా అందరికీ పంపమనండి, బైనాక్యులర్ అద్దాల మీది కాన్హా దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులిపాకే గుడ్డతో తుడవండి, లేకపోతే గీతలు పడతాయి.